డ్రైవరు వెనక సీటు

క్యూబావోలో జీప్నీ ఎక్కి
డ్రైవరు వెనక కూచున్నామంటే
జీతం లేని కండక్టరు ఉద్యోగం దొరికినట్టే.
"బాయద్ పో" అంటుంది వెనకనుంచి ఒక గొంతు,
డబ్బులందుకోండీ అని.
చెయ్యి తర్వాత చెయ్యి, చెయ్యి తర్వాత చెయ్యి
చెమటా వెల్లుల్లి వాసనా అంటించుకుంటూ
పదమూడు పెసోలు నా అరచేతిలోకి వస్తాయి.
నేను డ్రైవరు భుజం తడతాను.
చిల్లర మళ్ళీ అదే దారిన వెనక్కి.
ఒకాయన స్టూడెంట్ టికెట్టంటాడు,
గడ్డం సగం నెరిసి ఉంటుంది.
లెక్క తేడా వస్తే డ్రైవరు అద్దంలోంచి
నన్ను చూస్తాడు, దొంగని చూసినట్టు.
నేను కియాపోలో గుండీల కొట్లో పనిచేస్తాను.
రోజంతా లెక్కపెట్టడమే నా పని,
పొద్దున్నే ఇక్కడ కూడానా?

బల్లకి తొమ్మిదిమంది అని
కిటికీ పైన పెయింటుతో రాసి ఉంది.
ఆ తొమ్మిదిమంది ఎవరో, ఎప్పుడు కొలిచారో,
అన్నం తినేవాళ్ళయితే కాదు.
"ఇంకొక్కరు పడతారు, కాస్త జరగండి!"
అందరూ జరుగుతారు, భుజాలతో మాత్రం.
పిర్రలు ఎక్కడివక్కడే.
చివర ఎక్కిన పిల్ల
బల్ల అంచుకి ఒక్క ఎముక ఆనించి
పైనున్న కమ్మీ రెండు చేతులా పట్టుకుని
శాంటా మెసా దాకా గాల్లో కూచుంటుంది.

ఏడింటికి బెనిల్డా జుట్టు.
ఆమె పేరు ఆసుపత్రి బ్యాడ్జీ చెప్పింది.
తల ఆరబెట్టుకోడానికే ఈ బండి ఎక్కుతుంది.
కిటికీ గాలికి ఆ తడి కొసలు
నా చెంప మీద, కళ్ళజోడు మీద,
ఒకసారి నోట్లో.
షాంపూ ఎప్పుడు మార్చిందో
ఇంట్లో వాళ్ళకంటే ముందు నాకే తెలుస్తుంది.

వీళ్ళందరినీ క్షమించగలను.
నా పక్కన కూచునే నీలం టోపీనే,
రెండేళ్ళుగా, నా వల్ల కాలేదు.
"బాయద్ పో" అని వినపడిందా,
దుకాణం షట్టరు దించినట్టు
టపీమని కళ్ళు మూస్తాడు.
చాచిన చెయ్యి అతని ముక్కు ముందు వణుకుతుంటుంది.
నాణేలు వేడెక్కుతుంటాయి.
అతని ఒడి మీదుగా వంగి నేనే అందుకోవాలి.
నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు,
నిద్ర నటించేవాణ్ణి ఎవరు లేపగలరు?
పురేసా మలుపు లేపుతుంది.
బ్రేకు పడకముందే కళ్ళు తెరిచి
పైకప్పు మీద రెండు దెబ్బలేసి
"పారా" అని ఎంచక్కా దిగిపోతాడు.

జూలైలో ఒక రోజు. వాన.
ప్లాస్టిక్ పరదాలు దించేశారు.
లోపల అందరం ఒకే ఊపిరి పీల్చుకుంటున్నాం.
టోపీ నా భుజం మీదకి వాలింది.
గోళ్ళ సందుల్లో సిమెంటు.
నోరు తెరుచుకుంది, చొంగ.
దొంగ నిద్రకి చొంగ కారదు.
ఎవరిదో ఇరవై నోటు
అతని గడ్డం కిందనుంచి నా దగ్గరికొచ్చింది.
ఉలకలేదు, పలకలేదు.
పురేసా మలుపు వచ్చింది.
నాకెందుకు అనుకున్నాను.
కియాపో దాకా రానీ,
ఆ వానలో వెనక్కి నడవనీ అనుకున్నాను.
అనుకుంటూనే ఉన్నాను,
నా పిడికిలి పైకప్పుని రెండుసార్లు కొట్టింది.
"పారా!"
బండి ఆగింది.
దిగవేం అన్నట్టు అందరూ నావైపు చూశారు.
మోచేత్తో పొడిచాను,
అవసరమైన దానికన్నా కొంచెం గట్టిగానే.
లేచాడు, బయటికి చూశాడు, గెంతాడు.
ఒక్క మాట లేదు.
నా భుజం మీద తడి మరక
లెగార్దా దాటినా ఆరలేదు.

మర్నాడు అదే టోపీ, అదే షట్టరు.
"బాయద్ పో."
అలవాటుగా వంగబోయాను.
మూసిన కళ్ళు మూసినట్టే ఉన్నాయి.
ఒళ్ళోని కుడిచెయ్యి మాత్రం
మెల్లగా లేచి, తెరుచుకుని,
నాణేలు అందుకుని నావైపు చాచింది.
తీసుకుని లెక్కపెట్టాను.
పన్నెండే ఉన్నాయి.
అద్దంలోంచి డ్రైవరు చూస్తున్నాడు.